పట్టు వదిలాక కొలవాలి

మొన్న మల్లేశం తెచ్చిన కాగితాల్లో నాలుగో పేజీ, మూడో పేరాలో ఒక వాక్యం ఉంది. "అన్నగారి చెయ్యి విరిగిన ఏడాది రైతుల మందు పంపులన్నిటినీ తమ్ముడు లచ్చన్న తన చేతుల మీదుగా బాగు చేసి, అన్న ఇచ్చిన మాట నిలబెట్టాడు." చక్కని వాక్యమే. అక్షర దోషం కూడా లేదు. దాని కింద పెన్సిలుతో గీత గీసి కాగితాలు తిరిగి మల్లేశం చేతిలో పెట్టాను.

మల్లేశం మా కాక కొడుకు. నాన్నను బాపు అని, ఆయన తమ్ముడు లచ్చన్నను కాక అని పిలిచేవాళ్ళం. బాపు బతికి ఉంటే ఈ ఏడాదికి నూరేళ్ళు నిండేవి. ఆ సందర్భంగా మా వాళ్ళంతా కలిసి ఒక చిన్న సంచిక వేయాలనుకున్నారు. బెల్లంపల్లి నుంచి కరీంనగర్ దాకా మల్లేశం బస్సులో వచ్చింది నా మాట కోసం. ఉన్నవాళ్ళలో పెద్దదాన్ని నేనే. నేను బాగుందంటే అచ్చుకు పోతుంది.

"ఏం తప్పుందక్కా?" అన్నాడు కళ్ళజోడు పెట్టుకుని. "నేను రాసిందే అది. నా కండ్లతోటి చూసిన. మా బాపు అరుగు మీద కూసుండి ఒక్కొక్కరికి పంపులిస్తుండె. నాకు ఆరేండ్లుండొచ్చు, కని మంచిగ యాదికున్నది."

అతను అబద్ధం చెప్పడం లేదు. అరుగు మీద ఏం జరిగిందో అతను చూశాడు. అరుగు వెనక రేకుల షెడ్డు ఉండేది, దాని తలుపు మూసి ఉండేది. ఆ తలుపు వెనక నేను ఉన్నాను.

లోపలి గదిలో పెట్టె తెరిచి ఆ ఏడాది డైరీ తీశాను. దానితో పాటు పాత చీర ముక్కలో చుట్టి పెట్టిన ఒక టేకు చక్రం బయటికి వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. నడుమ బెజ్జం, ఒక పక్క రంపంతో కోసిన చీలిక. పైన మూడు చోట్ల లోతుగా నొక్కుకుపోయిన గుర్తులు, లోపల మాత్రం వేలు పెట్టి చూస్తే ఎక్కడా తగలనంత నున్నగా ఉంటుంది. ఈ వస్తువు సంగతి చెప్పకుండా మా బాపు సంగతి ఎవరు రాసినా సగమే రాసినట్టు. కాబట్టి నేను రాస్తున్నాను.

బాపు పేరు పోశం. బెల్లంపల్లి బొగ్గుబాయి వర్క్‌షాపులో టర్నర్. ఊళ్ళో టర్నర్ పోశం అంటేనే తెలిసేది. కంపెనీ క్వార్టర్ వదులుకుని ఊరి అంచున రెండు గదుల ఇల్లు కట్టుకోవడానికి కారణం ఒక్కటే: పాత సామాను వేలంలో కొన్న ఖరాదు. ఇనుము, ఇత్తడి తిప్పి చెక్కే లేత్‌ మిషన్‌ను మా దగ్గర ఖరాదు అనేవారు. దాన్ని క్వార్టర్లో పెట్టనివ్వరు. అందుకని ఇల్లు ముందు అనుకుని కట్టింది కాదు, షెడ్డు ముందు అనుకుని దానికి ఇల్లు తగిలించాడు. దానికి మోటారు లేదు. కుట్టు మిషన్‌కు ఉన్నట్టు కింద తొక్కుడు పలక, దానికి పెద్ద ఇనుప చక్రం, తోలు పట్టా. కాలితో తొక్కితే తిరిగేది. కరెంటు పోతే మాకు ఫికర్ లేదని అవ్వ, అంటే మా అమ్మ, గొప్పగా చెప్పుకునేది.

సైరన్ మోగిన అరగంటకు బాపు సైకిలు వాకిట్లోకి వచ్చేది. ముందు చేతులు. బట్టల సబ్బు, పొయ్యి బూడిద కలిపి మోచేతుల దాకా రుద్ది, గోళ్ళ సందుల్లో వేప పుల్లతో గీకి, అప్పుడు గానీ గడప దాటేవాడు కాదు. తర్వాత జొన్నరొట్టె. రొట్టె తుంచే ముందు అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపేవాడు. "ఇయ్యాల నూలు ఎక్కువొచ్చింది" అనేవాడు. మేస్త్రీల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అవ్వ తిరిగి చూడకుండానే, ఎక్కువైతే నీ మిషన్ల పెట్టి గీకుకొని తిను అనేది. ఈ మాటలు రోజూ ఇవే. ఏ రోజైనా బాపు రొట్టెను నలపకుండా తింటే ఆ రోజు పనిలో ఏదో చెడిందని మాకు తెలిసిపోయేది.

ఇంట్లో అన్నిటికంటే నాకు గుర్తున్నది వాసన. బొగ్గుల పొయ్యి పొగ, షెడ్డులో నూనె, దాని మీద వానాకాలం మొదలయ్యాక పత్తి మందు ఘాటు. చుట్టుపక్కల ఊళ్ళ పత్తి రైతులు వీపున మోసే ఇత్తడి పంపులను మా ఇంటికి తెచ్చేవారు. పంపును బురదమట్టితో మూడుసార్లు తోమి కడిగితే గానీ అవ్వ వాకిలి దాటనిచ్చేది కాదు. ఆ పంపు లోపల జానెడు పొడవు ఇత్తడి గొట్టం ఉంటుంది. అందులో తోలు వాషర్ కిందికీ మీదికీ ఆడుతుంది. నాలుగైదేళ్ళు ఆడేసరికి గొట్టం లోపల అరిగి గాలి నిలవదు, మందు పైకి తన్నుతుంది. కొత్త పంపు కొనలేని వాళ్ళ కోసం బాపు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పాత గొట్టంలోకి సరిగ్గా దిగేలా ఇంకో పలచటి ఇత్తడి గొట్టం చేసి, దాని లోపల నునుపుగా చెక్కి, రెండు చివర్లా మాటు వేసేవాడు. ఆ లోపలి గొట్టం పావలా బిళ్ళ మందం కూడా ఉండేది కాదు. అలాంటిదాన్ని చెక్కడం ఇనుప కడ్డీని చెక్కడం లాంటిది కాదని నాకు పుస్తకం చెప్పలేదు, ఒక మనిషి వీపు చెప్పింది.

నేను ఖరాదు దగ్గరికి ఎలా చేరానంటే, ఎవరూ వద్దనేలోపు చేరాను. పదో తరగతి అయ్యాక ఇంట్లో ఉన్నాను. బాపు కొలతలు చెబితే నోటు పుస్తకంలో రాసేదాన్ని. రాస్తూ రాస్తూ కొలవడం, కొలుస్తూ కొలుస్తూ తొక్కడం, ఆపైన చిన్న చిన్న వాషర్లు చెక్కడం. బాపు నేర్పాడని చెప్పను, ఆపలేదని చెబుతాను. ఆ రోజుల్లో అది తక్కువ సంగతి కాదు. ఆయన నేర్పిన సూత్రం మాత్రం ఒకటి ఉంది. ఇత్తడి చెక్కుతుంటే వేడెక్కి ఉబ్బుతుంది. వేడి మీద కొలవొద్దు, చల్లారనియ్యి, అప్పుడు కొలువు. నేను డైరీని ఏ రోజుది ఆ రోజు రాయకుండా మరునాడు పొద్దున రాయడం అప్పటినుంచే. యాభై ఏళ్ళు దాటినా మారలేదు.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, వానలు పడ్డ మొదటి వారంలో, డ్యూటీ నుంచి వస్తూ బాపు సైకిలు బొగ్గు బురదలో జారింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. మోచేయి దాకా సిమెంటు కట్టు. షెడ్డులో గోడ పొడవునా పదిహేడు పంపులు వరసగా ఉన్నాయి. పత్తికి పురుగు పడే లోపల ఇస్తానని బాపు పదిహేడు మందికి మాట ఇచ్చి ఉన్నాడు. పంపులు వాపసు ఇచ్చేద్దామన్నాడు కాక. ఖరాదును అమ్మేద్దామని కూడా అన్నాడు, మంచి మాటగానే. అన్న చెయ్యి ఇంక మునుపటిలా తిరగదు, తుప్పు పట్టించుకుని ఏం చేస్తామని.

నేను చేస్తానన్నాను. అందరూ నన్ను వదిలి ఖరాదును చూశారు. ఆఖరికి కుదిరిన ఒప్పందం ఇది. ఆడపిల్ల చేసిందంటే ఒక్క రైతు కూడా పంపు ముట్టడు. అందుకని కాక అరుగు మీద కూర్చుని పంపులు తీసుకోవాలి, ఇవ్వాలి. నేను తలుపు మూసుకుని లోపల చేయాలి. జర ఓపిక పట్టు బిడ్డా, పంటకాలం దాటనీ, అన్నాడు బాపు. నేను ఓపిక పట్టాను. రేకుల కింద, మూసిన తలుపు వెనక, బాపు పాత ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని, గోడకున్న ఒక్క కిటికీ వెలుతురులో నాలుగు పంపులు చేశాను. నాలుగూ మంచిగా పోయాయి. "లచ్చన్నా, మీ అన్న చెయ్యే నీకూ వచ్చింది" అని ఎవరో అరుగు దగ్గర అనడం, కాక నవ్వి ఊరుకోవడం లోపలికి వినబడింది. నాకు కోపం రాలేదని రాసి ఉంది డైరీలో. ఆ వాక్యం ఇప్పుడు చదివితే నమ్మబుద్ధి కాదు.

ఆ నాలుగింటికీ బాపు దగ్గర మిగిలిన పాత గొట్టం వాడాను, అది కొంచెం మందం. అది అయిపోయాక కరీంనగర్ బజారు నుంచి కాక కొత్త గొట్టం తెచ్చాడు. బాపు వాడేది అలాంటి పలచటిదే. దానితో చేసిన మొదటి పంపు రాజలింగుది. రాజలింగు ఆరెకరాల పత్తి రైతు, నోరు పెద్దది. అతని గొట్టాన్ని ఎంత జాగ్రత్తగా చేశానో నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఖరాదు చక్కుకు మూడు దవడలు ఉంటాయి. తాళం చెవి లాంటిది తిప్పితే మూడూ ఒక్కసారే దగ్గరికి వచ్చి గొట్టాన్ని పట్టుకుంటాయి. గొట్టం జారుతుందేమోనన్న భయంతో నేను గట్టిగా బిగించాను. చెక్కి, చల్లారనిచ్చి, చక్కులో ఉండగానే మూడు దిక్కులా కొలిచాను. వెంట్రుక తేడా లేదు. ఆ సంతోషంలో, బయటికి తీశాక మళ్ళీ కొలవలేదు. కొత్త తోలు వాషర్ నీళ్ళలో నాని ఉబ్బి ఉంటుంది కాబట్టి వాకిట్లో నీళ్ళు పోసి కొట్టి చూసినప్పుడు చుక్క కారలేదు.

ఎనిమిదో రోజున రాజలింగు వచ్చాడు. చొక్కా లేదు. వీపు నడుము దాకా ఎర్రగా కమిలి, రెండు చోట్ల బొబ్బలెక్కి ఉంది. పంపును అరుగు మీద పెట్టి, అటు తిరిగి తన వీపు కాకకు చూపించాడు. వెంట వాళ్ళ ఊరివాళ్ళు ఇద్దరు.

"నీ చేతిపనేనా లచ్చన్నా ఇది?" అన్నాడు.

కాక పంపును కాస్త అవతలికి జరిపాడు. తర్వాత అన్నాడు: "గది నేను చెయ్యలే. సుగుణ చేసింది."

తలుపు ఇవతల నిలబడి ఆ మాట విన్నాను. నాలుగు పంపులు బాగున్నన్ని రోజులు ఆ షెడ్డులో సుగుణ లేదు. ఐదోది కారగానే ఉంది. నాకు ముందు సిగ్గు వేసింది, ఎందుకంటే తప్పు నాదే. ఆ వెంటనే ఇంకొకటి అర్థమైంది. నా పేరు బయటికి పోయింది. నేను చెప్పకుండా, అడగకుండా, నలుగురి ముందు పోయింది. గడియ తీసి అరుగు మీదికి వచ్చాను. ఖాకీ చొక్కా, తల నిండా ఇత్తడి పొట్టు.

"నేనే చేసిన" అన్నాను. "అంతకు ముందు పోయిన నాలుగు గూడ నేనే చేసిన."

రాజలింగు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. రొట్టెలు చేసుకునే చేతులకు మిషనెందుకని, పోశం ఇంట్ల మొగోళ్ళు ఒడిసిపోయిండ్రా అని, నా వీపు మీద మీరు ఖరాదు నేర్చుకుంటుండ్రా అని, ఇంకా చాలా అన్నాడు. వీపు గురించి అన్నది నిజమే, నేను నేర్చుకుంటున్నది అతని వీపు మీదే. ఈలోగా అవ్వ సబ్బు, రెండు కడవల నీళ్ళు తెచ్చి, అతన్ని రాతి మీద కూర్చోబెట్టి, తిట్టేవాణ్ణి తిట్టనిస్తూనే వీపు కడగడం మొదలుపెట్టింది. రెండో కడవ అయ్యేసరికి అతని గొంతు తగ్గింది. చేలో పురుగు ఉంది, చేతిలో ఇంకో పంపు లేదు. ఆఖరికి అతనే షరతు పెట్టాడు.

"మళ్ళ చెయ్యి. కని నేనీడ్నే కూసుంట. నా కండ్ల ముంగట చెయ్యాలె."

లోపలి మంచం మీంచి బాపు లేచి వచ్చాడు. విరిగిన చెయ్యి ఉట్టిలా వేలాడుతోంది. "తలుపు మూసుకొనే చెయ్యి బిడ్డా. నలుగురిల ఒద్దు" అన్నాడు. బాపు మాటకు నేను ఎదురు చెప్పింది జీవితంలో రెండుసార్లే. ఇది మొదటిది.

"మూసుకొనే చేసిన గదా బాపు. మంచిగ చేసినన్ని దినాలు ఎవలకు తెల్వలే. తప్పు కాంగనే నా పేరు బయట పడ్డది. పడ్డ పేరు ఇగ లోపటికి పోదు. తలుపు తీసే ఉంటది."

 బాపు ఒప్పుకున్నాడని నేను రాసుకోలేదు. మంచం తెచ్చి షెడ్డు గుమ్మం పక్కన వేయమన్నాడు, అంతే రాసుకున్నాను.

ముందు రాజలింగు పంపు విప్పి, మాటు కరిగించి లోపలి గొట్టం బయటికి తీశాను. బాపు ఎడమ చేత్తో కొలత తీసే కాలిపర్ అందుకుని మూడు దిక్కులా కొలిచాడు. ఒక దిక్కు బిగువు, ఇంకో దిక్కు వదులు. మళ్ళీ తిప్పితే బిగువు. కంటికి గుండ్రమే, కొలతకు మూడు మూలలు. బాపు నవ్వాడు, నా మీద కాదు. "చక్కుల ఉన్నప్పుడు కొలిచినవా, ఇడిసినంక కొలిచినవా?" అని అడిగాడు. చక్కులో ఉన్నప్పుడేనని ఒప్పుకున్నాను. మూడు దవడలు నొక్కితే పలచటి గొట్టం మూడు చోట్ల లోపలికి కుంగుతుంది. కుంగిన గొట్టం లోపల మనం గుండ్రంగా చెక్కుతాం. పట్టు వదలగానే అది తన పాత ఆకారానికి పోతుంది, మనం చెక్కిన గుండ్రం దానితో పాటే వంకర పోతుంది. "పట్టుల ఉన్నప్పుడు అన్నీ గుండ్రంగనే కనవడ్తయి బిడ్డా" అన్నాడు. మరి నువ్వెలా చేసేవాడివంటే తన మణికట్టు వైపు చూసుకున్నాడు. ఎంత బిగించాలో ఆ మణికట్టుకు తెలుసు. అది సిమెంటులో ఉంది. నాకు చెప్పడానికి దానికి నోరు లేదు.

ఆ పూట రెండు గొట్టాలు పాడు చేశాను. మెల్లగా బిగిస్తే గొట్టం జారి గీరుకుపోయింది. కొంచెం ఎక్కువ బిగిస్తే మళ్ళీ మూడు మూలలు. పైగా పలచటి ఇత్తడి టూలు తగలగానే గంట కొట్టినట్టు ఒకటే మోత. రాజలింగు గుమ్మం ఎదురుగా చుట్ట కాలుస్తూ కూర్చుని తన పంపుదాన్ని ఒకటిగా కలుపుకుని, ఒక్కొక్క గొట్టం పడేసినప్పుడల్లా "రెండు" "మూడు" అని పైకి లెక్కపెట్టాడు. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. ఒకరిద్దరు కావాలనే రెండుసార్లు అటు నడిచారు.

రెండో రోజు మధ్యాహ్నం రాజలింగు దాహమేసి మా నీళ్ళకుండ ఎత్తుకుని తాగాడు. తాగి, వాకిట్లో నీళ్ళు కాచే మూడు రాళ్ళ పొయ్యి ఖాళీగా ఉందని కుండను దాని మీద దించాడు. అవ్వ లోపలి నుంచి చూసింది. అతని వీపు మీద ఉన్న జాలంతా ఆ క్షణంలో పోయింది.

"ఏమయ్యా, ఇంట్ల ఎన్నడన్న కుండ ముట్టినవా? వంటకుండ మందముంటది, రాళ్ళ మీద ఆగుతది. పలచటి నీళ్ళకుండను మూడు రాళ్ళ మీద పెడ్తరా ఎవలన్న? కుదురు మీద పెట్టు."

గడ్డితో పేనిన కుదురును కాలితో అతని వైపు తోసింది. రాజలింగు కుండను కుదురు మీద పెట్టాడు. కుండ అడుగు చుట్టూ ఎక్కడా సందు లేకుండా కుదురులో కూర్చుంది. నేను తొక్కుడు ఆపేశాను. బాపు మంచం మీంచి నా వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బాపు మొదలుపెడితే నేను, నేను మొదలుపెడితే బాపు, నవ్వు ఆగలేదు. ముప్పై ఏళ్ళుగా ఖరాదు పట్టిన టర్నరు, పందొమ్మిదేళ్ళ వయసు టర్నరు, ఇద్దరం అప్పటిదాకా మూడు రాళ్ళ మీదే కుండ నిలబెడుతున్నాం.

విరిగిన మంచం కోడు ఒకటి అటకెక్కి ఉంది, మంచి టేకు. దాన్ని నాలుగు వేళ్ళ పొడవు కోసి, చక్కులో పెట్టి, నడుమ ఇత్తడి గొట్టం సరిగ్గా దూరేంత బెజ్జం చేశాను. ఒక పక్క రంపంతో నిలువునా చీల్చాను. గొట్టాన్ని అందులో పెట్టి, ఆ టేకు చక్రాన్ని చక్కులో పెట్టి బిగించాను. దవడలు కొయ్యను మూడు చోట్ల కరిచాయి. కొయ్య గొట్టాన్ని చుట్టూతా పట్టుకుంది. మోతకు బాపు చెప్పిన మందు సైకిలు ట్యూబు. దాన్ని సన్నగా కోసి బయటికి ఉన్న గొట్టం చుట్టూ చుడితే గంట గొంతు పూడుకుపోయింది. సన్నటి కోత, మళ్ళీ సన్నటి కోత. సగం దాకా చెక్కి, గొట్టం తిప్పి పెట్టి, మిగతా సగం. చల్లారనిచ్చాను. పట్టు వదిలాను. గొట్టాన్ని చేతిలోకి తీసుకుని మూడు దిక్కులా కొలిచాను. కాలిపర్ మూడుసార్లూ ఒకే తీరుగా తగిలింది. బాపుకు ఇచ్చాను. ఆయన కొలిచి కాలిపర్‌ను రాజలింగుకు ఇచ్చాడు. రాజలింగుకు కొలవడం రాదు, అయినా కొలిచాడు.

పంపు బిగించాక, నీళ్ళు పోసి కొట్టి చూపితే నమ్మనన్నాడు. పోయినసారి కూడా అట్లనే చూపించిండ్రు గదా అన్నాడు. న్యాయమైన మాట. అప్పుడు నేను బాపు దసరా చొక్కా అడిగాను, తెల్లది. అవ్వ వద్దు వద్దంటూనే తెచ్చి ఇచ్చింది. పంపు నిండా నీళ్ళు పోసి అందులో బట్టలకు పెట్టే నీలి కలిపాను. చొక్కా తొడుక్కుని పంపు నా వీపుకెత్తుకున్నాను. కొత్త తోలు దాచిన తప్పును మళ్ళీ దాచకుండా, బాపు సంచిలోంచి బాగా అరిగిన పాత వాషర్ వేశాను. కొడుతూ వాకిట్లో నడిచాను. వాకిలి చాలలేదు. వీధిలోకి వెళ్ళాను. ఒక పంపు అయ్యాక ఇంకో పంపు నింపుకున్నాను. బెల్లంపల్లి ఎండలో ఒక ఆడపిల్ల తెల్ల చొక్కా వేసుకుని ఖాళీ వీధికి నీలి నీళ్ళు కొడుతూ పోతుంటే జనం చూడక ఏం చేస్తారు. చూడనీ అనుకున్నాను. మూడో పంపు అయ్యాక వచ్చి అటు తిరిగి రాజలింగుకు నా వీపు చూపించాను, అతను కాకకు చూపించినట్టే.

చొక్కా తడిసి ముద్దయి ఉంది. కారిందని ఎవరో అన్నారు. అవ్వ అరచెయ్యి పెట్టి నొక్కి, చెయ్యి తిప్పి అందరికీ చూపించింది. నీలి లేదు.

"చెమట" అన్నాడు రాజలింగు. చుట్ట పారేసి పంపు అందుకున్నాడు. "మా ఎడ్లకు గూడ గింత రాదు."

అతని నోటి నుంచి వచ్చిన మెచ్చుకోలు అంతవరకే. కానీ అతని వీపు మళ్ళీ కాలలేదు. మిగిలిన పన్నెండు మందిలో ఐదుగురు సంగతి తెలిసి పంపులు తీసుకుపోయారు. పోనీ. ఏడు మంది ఉంచారు. ఆ ఏడూ తలుపు తెరిచే చేశాను. కాక అరుగు మీద కూర్చునే ఉన్నాడు, అది కూడా నిజమే. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చేవాడు. పంపు ఇస్తూ "మా సుగుణ చేసింది" అనే మాట మాత్రం ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. అడిగినవాళ్ళకు నేనే చెప్పాను.

బాపు మణికట్టు మళ్ళీ మునుపటిలా తిరగలేదు. ఖరాదును అమ్మలేదు. ఐటీఐలో టర్నర్ ట్రేడుకు దరఖాస్తు పెడతానన్నప్పుడు బాపు వద్దన్నాడు, అది నేను ఎదురు చెప్పిన రెండోసారి. ఆ తర్వాత కరీంనగర్‌లో ముప్పై ఏళ్ళు అదే పని పిల్లలకు నేర్పాను. ప్రతి బ్యాచ్‌తో మొదటి రోజే ఒక పలచటి గొట్టం చక్కులో బిగించి పాడు చేయించేదాన్ని. పాడు కానిదే ఆ మాట తలకెక్కదు.

ఇప్పుడు ఇత్తడి పంపులు లేవు. ప్లాస్టిక్‌వి, బ్యాటరీవి వచ్చాయి. పాడైతే పారేసి కొత్తది కొంటారు. మిషన్లు కొలత తామే చూసుకుంటాయి. ఆ రోజులే బంగారం అనే మాట మా వయసు వాళ్ళ నోట వింటుంటాను. నేను అనను. ఆ రోజుల్లో ఒక మనిషి వీపు కాలింది. ఆ రోజుల్లో నా పని నా పని అనిపించుకోవడానికి నేను ముందు తప్పు చేయాల్సి వచ్చింది. అయితే, ఇప్పుడు మారిపోయిందని చంకలు గుద్దుకునే వాళ్ళతో కూడా నేను కలవను. మారిపోతే నాలుగో పేజీలో ఆ వాక్యం ఎలా వచ్చింది?

మల్లేశం డైరీ చదివాడు. చాలాసేపు చదివాడు. వాళ్ళ బాపు మాట అందులో ఉన్నది ఉన్నట్టు ఉంది, గది నేను చెయ్యలే అని. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చచ్చిపోయినాయన గురించి ఇప్పుడెందుకక్కా, అందరం కలిసి చేసినమని రాద్దాం, ఎవలకు బాధుండదు అన్నాడు. అట్లా రాస్తే అది పట్టులో ఉన్న గుండ్రమని అతనికి చెప్పాను. అర్థమైందో లేదో తెలియదు. టేకు చక్రాన్ని చేతిలో తిప్పుతూ, లోపల వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాడు.

"అయితే మా బాపు పేరు తీసెయ్యాల్నా?" అన్నాడు. ఆ గొంతు ఆరేళ్ళవాడిది.

"తీసెయ్యకు. రాసుకో, చెప్త."

అతను పెన్ను తీశాడు. నేను చెప్పాను, అతను తన రాతతోనే నాలుగో పేజీ అంచున రాశాడు: "అన్న చెయ్యి విరిగిన ఏడాది రైతుల పంపులు ఆయన బిడ్డ సుగుణ చేసింది. ఒకటి తప్పు చేసింది, మళ్ళీ సరిగ్గా చేసింది. తమ్ముడు లచ్చన్న అరుగు మీద కూర్చుండి వచ్చినవాళ్ళను చూసుకున్నాడు."

"తప్పు చేసిందని గూడ రాయాల్నా అక్కా?"

"అది లేకుంటే మిగిలింది ఎవలు నమ్ముతరురా."

మిగతావాళ్ళను ఒకసారి అడుగుతానన్నాడు. అడుగు అన్నాను. వాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నేను రాసుకుంటున్న జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం అచ్చవుతుందని కూడా చెప్పాను. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ పూట నేను డైరీ ముట్టలేదు. మరునాడు పొద్దున మల్లేశం చేత రాయించిన ఆ మూడు వాక్యాలను నా డైరీలోకి ఎక్కించి, నా వైపు నుంచి ఒకసారి, కాక వైపు నుంచి ఒకసారి, రాజలింగు వీపు వైపు నుంచి ఒకసారి చదివాను. ఎక్కడా తేడా రాలేదు.